తినడం మానేసిన బాల్ పైథాన్: పెట్టె నుంచి మొదలుపెట్టండి

మీరు రాసిన వివరాలు ఇవి. ఏడాది వయసున్న బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ), బరువు సుమారు 600 గ్రాములు, ఇంటికి వచ్చి రెండు నెలలైంది. మొదట్లో రెండుసార్లు తిన్నది, ఆ తర్వాత ఐదు వారాలుగా ఎలుకను ముట్టడం లేదు. పైన జాలీ మూత ఉన్న గాజు తొట్టె, అడుగున వేడినిచ్చే హీట్ మ్యాట్, మధ్యలో నీళ్ల గిన్నె. పగలంతా ఆ గిన్నె వెనక నక్కి ఉంటోంది. మచ్చిక కావాలని రోజూ సాయంత్రం గంటసేపు చేతుల్లో పెట్టుకుంటున్నారు. బలవంతంగా తినిపించాలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఇది కుదురుకున్నాక బర్మీస్ పైథాన్ అనే పెద్ద రకం కొండచిలువ పిల్లను తెచ్చుకోవచ్చా అన్నది రెండోది.

మొదటిదానికి సూటిగా చెబుతాను. బలవంతంగా తినిపించవద్దు. ఆ బరువున్న పాము ఐదు వారాలు తినకపోయినంత మాత్రాన ఆకలితో చనిపోదు. పాములు మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోవు కాబట్టి వాటికి ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. ఈ జాతిలో ఎదిగినవి ఏడాదిలో కొన్ని నెలలు ఏమీ తినకుండా ఉండటం కొత్త విషయం కాదు. తినని రోజులు లెక్కపెడుతూ కూర్చోకండి, బరువు చూడండి. ఒక మూత ఉన్న డబ్బాలో పామును ఉంచి వంటింటి డిజిటల్ త్రాసు మీద ఈ రోజే తూచండి. వారానికోసారి తూచి తేదీతో సహా రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే మీకు చాలా వ్యవధి ఉన్నట్టే.

తినకపోవడానికి కారణం మాత్రం మీరు రాసినదాంట్లోనే కనిపిస్తోంది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లోని గడ్డి మైదానాల్లో, పల్చటి అడవుల అంచుల్లో బతికే పాము. పగటి వేళ ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దూరి ఉంటుంది, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. ఆ బొరియ ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. చీకటి, ఒంటికి నాలుగు వైపులా తగిలే గోడలు, ఉక్క, పెద్దగా మారని వేడి. ఇప్పుడు మీ గాజు తొట్టె చూడండి. నాలుగు వైపులా వెలుతురు, పైన జాలీలోంచి ఎగిరిపోయే తేమ, దాక్కోవడానికి ఒక గిన్నె. ఆ పాము మొండికేయడం లేదు, భయపడుతోంది. భయపడుతున్న పాము నోరు తెరిచి వేటను పట్టదు, ఎందుకంటే మింగుతున్నంతసేపూ అది పారిపోలేదు, ఎదురు తిరగలేదు. కొండచిలువను పెంచడం అంటే తొంభై పాళ్లు దాని పెట్టెను సరిగ్గా ఉంచడమే అని నేను నమ్ముతాను. ఆ పని కుదిరితే తిండి, ఆరోగ్యం, మచ్చిక చాలావరకు వాటంతట అవే దారికొస్తాయి.

అన్నిటికంటే ముందు వేడి. హీట్ మ్యాట్‌కు థర్మోస్టాట్, అంటే వేడిని అదుపులో ఉంచే పరికరం, ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ జవాబు చదవడం ఆపి ముందు ప్లగ్ తీసేయండి. అదుపు లేని మ్యాట్ మీద గాజు ఉపరితలం చర్మాన్ని కాల్చేంత వేడెక్కగలదు. పాము కాలగానే పక్కకు జరుగుతుందని అనుకుంటాం, కానీ కింద నుంచి వచ్చే వేడి విషయంలో అవి తరచూ అలా జరగవు. పొట్ట కాలుతున్నా అక్కడే పడుకుని ఉంటాయి. పశువైద్యులు చూసే పాము గాయాల్లో ఇలాంటి కాలిన పొట్టలు మామూలు. వేడి రాళ్లు అని అమ్మేవాటికీ ఇదే ప్రమాదం, వాటిని కొననే వద్దు.

తొట్టెలో ఒక చివర వెచ్చగా, మరో చివర చల్లగా ఉండాలి, పాము తనకు కావలసిన చోటుకు తానే వెళ్లగలగాలి. వెచ్చని చివర అది పడుకునే ఉపరితలం 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్, చల్లని చివర 25 నుంచి 27 ఉంటే సరిపోతుంది. రాత్రి 24 కంటే పడిపోనివ్వకండి. పైనుంచి వేడినిచ్చే సిరామిక్ హీటర్ గానీ, హాలోజన్ దీపం గానీ ఈ జాతికి బాగా పనిచేస్తుంది. గాలిని కూడా వెచ్చబరచడం మ్యాట్‌కు చేతకాదు. ఏది వాడినా థర్మోస్టాట్ తప్పనిసరి, దాని ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) కదలకుండా గట్టిగా బిగించి ఉండాలి. తొట్టె లోపల బల్బు ఉంటే చుట్టూ వైరు గూడు ఉండాలి, లేకపోతే పాము వెళ్లి దానికే చుట్టుకుంటుంది. రాత్రిపూట ఎర్ర దీపం, నీలి దీపం అక్కర్లేదు, దానికి కావలసింది చీకటి.

గాజుకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకండి. అవి గాజు వేడిని చూపిస్తాయి, అది కూడా సరిగ్గా కాదు. తీగతో ప్రోబ్ ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు, ఉపరితలాన్ని కొలవడానికి ఒక ఇన్‌ఫ్రారెడ్ గన్, తేమకు డిజిటల్ హైగ్రోమీటర్. ఈ పనిముట్లకు పెట్టే ఖర్చు దగ్గర వెనకాడవద్దు.

వేడి గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కొండచిలువ తిన్న తర్వాత దాని ఒంట్లో జరిగేది చిన్న పని కాదు. బర్మీస్ పైథాన్ల మీద జరిగిన పరిశోధనల్లో తిన్న రెండు రోజుల్లోనే గుండె కండరం బరువు సుమారు 40 శాతం పెరిగినట్టు తేలింది. పేగులు, కాలేయం కూడా పెరుగుతాయి, జీర్ణం పూర్తయ్యాక మళ్లీ తగ్గుతాయి. ఇదంతా బయటి వేడి మీద ఆధారపడి నడుస్తుంది. వేడి చాలకపోతే లోపలి ఎలుక అరగక ముందే కుళ్లుతుంది, పాము కక్కేస్తుంది. తగినంత వెచ్చదనం దొరకని పాము వేటను వద్దనడం దాని వివేకమే.

ఇక దాక్కునే చోట్లు. వెచ్చని చివర ఒకటి, చల్లని చివర ఒకటి, రెండూ ఒకే రకానివి పెట్టండి. ఒకటే ఉంటే పాము భద్రతను, వేడిని రెండింటినీ పొందలేదు, ఏదో ఒకటి వదులుకోవాలి. చాలా పాములు భద్రతనే ఎంచుకుని చల్లని మూలలో రోజుల తరబడి ఉండిపోతాయి. గూడు లోపల చుట్ట చుట్టుకుంటే వీపు పైకప్పుకు, పక్కలు గోడలకు తగలాలి. చిన్న ద్వారం ఒక్కటే ఉండాలి. విశాలమైన, అందమైన గుహలు మన కంటికి బాగుంటాయి గానీ పాముకు అవి ఆరుబయలుతో సమానం. ఖరీదైనవి అక్కర్లేదు, అంచులు నున్నగా చేసిన ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి ద్వారం కోసినా చాలు. తొట్టె మూడు వైపులా బయటి నుంచి ముదురు రంగు కాగితం అతికించండి. మధ్యలోని ఖాళీని కొమ్మలు, ప్లాస్టిక్ ఆకులు, బెరడు ముక్కలతో నింపండి.

పెద్ద పెట్టెలో పెడితే బాల్ పైథాన్ తినదు అనే మాట మీకు ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. దానితో నేను ఏకీభవించను. ఖాళీగా ఉన్న పెద్ద పెట్టెలో తినదు, అది నిజం. ఆకులూ కొమ్మలతో కిక్కిరిసిన పెద్ద పెట్టెలో హాయిగా తింటుంది. ఎదిగిన పాముకు కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న పెట్టె ఇవ్వండి. ఆడది 120 నుంచి 150 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగది కాస్త చిన్నది. అది ఎప్పుడైనా ఒళ్లు చాచుకోవాలనుకుంటే చాచుకోగలగాలి. ఎత్తు ఎందుకంటే, ఇవి నేలమీదే ఉంటాయని చాలామంది రాస్తారు గానీ అడవిలో చిన్నవి, ముఖ్యంగా మగవి, చెట్లెక్కి పక్షులను కూడా తింటాయి. గట్టి కొమ్మ ఒకటి అడ్డంగా బిగించి చూడండి, రాత్రి దాని మీద మీ పామును చూసినప్పుడు మీకే తెలుస్తుంది.

తేమ 55 నుంచి 75 శాతం మధ్య ఉండాలి. మీ జాలీ మూతతో ఇది సాధ్యం కాదు. మూతలో ముప్పావు వంతు అక్రిలిక్ రేకుతో గానీ అల్యూమినియం ఫాయిల్‌తో గానీ కప్పి, మిగతాది గాలికి వదలండి. పైన దీపం ఉంటే దాని దగ్గర మాత్రం లోహం, సిరామిక్ తప్ప మరేదీ ఉంచకండి. అడుగున 7, 8 సెంటీమీటర్ల మందాన కొబ్బరి డిప్ప ముక్కలు గానీ కొబ్బరి పొట్టు గానీ పరచండి. దేవదారు, పైన్ చెక్క పొట్టు వాడకూడదు, వాటి ఘాటు నూనెలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. రోజూ పైనుంచి నీళ్లు చల్లడం కంటే మూలల్లో కొద్దిగా పోయడం మంచిది. అడుగు పొర తడిగా, పై పొర పొడిగా ఉంటుంది. పాము పొట్ట ఎప్పుడూ తడిలో ఉంటే పొలుసులు ఎర్రబడి పుండ్లు పడతాయి.

తేమ సరిపోయిందో లేదో కుబుసమే చెబుతుంది. కుబుసం విడిచే ముందు పాము రంగు మందగిస్తుంది, కళ్లు నీలి బూడిద రంగులోకి మారతాయి, కొన్ని రోజులకు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత విడుస్తుంది. అన్నీ బాగుంటే మేజోడు తిరగేసి తీసినట్టు తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా వస్తుంది. తునకలు తునకలుగా వచ్చిందంటే తేమ చాలలేదు. విడిచిన కుబుసంలో కళ్ల మీది పారదర్శకమైన పొరలు రెండూ ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడండి. పాముకు కనురెప్పలు ఉండవు, ఆ పొరే రక్షణ. అది కంటికి అంటుకుని ఉండిపోతే పట్టకారుతో పీకకండి, చూపు పోయే ప్రమాదం ఉంది. తడిపిన నాచు పెట్టిన మూత డబ్బాలో కొన్ని గంటలు ఉంచితే చాలాసార్లు మెత్తబడుతుంది. తర్వాతి కుబుసంతో కూడా ఊడకపోతే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. కళ్లు మబ్బుగా ఉన్న రోజుల్లో తినకపోవడం సహజం, అప్పుడు తిండి ఇవ్వనే వద్దు.

రోజూ గంటసేపు చేతుల్లో పెట్టుకోవడం ఇప్పుడే ఆపేయండి. మీరు ప్రేమతో చేస్తున్నారని అర్థమవుతోంది. కానీ కొత్త చోటు భయం తీరని పాముకు అది రోజూ ఎవరో పట్టుకుపోతున్నట్టే. తూచడానికి, నీళ్లు మార్చడానికి, శుభ్రం చేయడానికి తప్ప రెండు మూడు వారాలు దాని జోలికి పోకండి. వరసగా మూడుసార్లు తిన్న తర్వాత వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు చాలు. తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోకూడదు. ఎత్తేటప్పుడు పైనుంచి తల మీదికి చెయ్యి తేకండి, అడవిలో దాన్ని తినే పక్షి వచ్చేది ఆ వైపు నుంచే. పక్క నుంచి నడుము కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా లేపండి. నాలుక తీరిగ్గా ఆడిస్తూ మీ చేతుల మీద పాకుతుంటే అది కుదురుగా ఉంది. బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటే భయపడింది, వెంటనే పెట్టెలో వదిలేయండి. కుక్క చూపే అనురాగం పాము నుంచి రాదు. మీ వాసన, మీ చేతి కదలిక ప్రమాదం కాదని మాత్రం అది నేర్చుకుంటుంది. దగ్గరగా పెంచినవాళ్లకు ఆ నమ్మకం చిన్నదిగా అనిపించదు.

తిండి సంగతి. పెట్టె సరిచేసిన తర్వాత పది రోజులు ఆగి అప్పుడు ఇవ్వండి. మీ పాము బరువుకు 40 నుంచి 50 గ్రాముల ఎలుక సరిపోతుంది. పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటును మించిన లావు ఉండకూడదు. తినడం మొదలుపెట్టాక రెండు వారాలకు ఒకసారి చాలు, ఎదిగాక మూడు నాలుగు వారాలకు ఒకటి. ఇళ్లలో పెరిగే బాల్ పైథాన్లలో బక్కచిక్కినవాటి కంటే అతిగా తిని కొవ్వు పట్టినవే ఎక్కువగా చూస్తున్నాను, ఇది మనసులో పెట్టుకోండి. గడ్డకట్టించిన ఎలుకను ముందు రోజు ఫ్రిజ్‌లో పెట్టి కరిగించండి, ఇచ్చే ముందు సంచిలో ఉంచి వేడి నీళ్లలో ముంచి 38 డిగ్రీల దాకా వెచ్చబరచండి. మైక్రోవేవ్ వద్దు. ఈ వెచ్చదనం చాలా ముఖ్యం. బాల్ పైథాన్ పై పెదవి మీద వరసగా కనిపించే గుంటలు వేడిని పసిగట్టే అవయవాలు, చీకట్లో వేటను అది ప్రధానంగా వాటితోనే గుర్తిస్తుంది. చల్లటి ఎలుక దాని దృష్టిలో ఎలుకే కాదు.

దీపాలు ఆర్పాక, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, పొడవాటి పట్టకారుతో ఎలుకను గూటి ద్వారం ముందు మెల్లగా కదిలించండి. ముఖానికి తగిలించకండి. పట్టకపోతే ద్వారం దగ్గరే ఉంచి వెళ్లిపోండి, ఉదయానికి అలాగే ఉంటే పారేయండి. మళ్లీ పది రోజుల దాకా ప్రయత్నించవద్దు. రోజూ ఆశగా చూపిస్తుంటే భయం ఇంకా పెరుగుతుంది. తినిపించడానికి వేరే డబ్బాలోకి మార్చాలనే పాత సలహా ఉంది, అది మీకు నష్టమే చేస్తుంది. బతికి ఉన్న ఎలుకను వదిలితే తింటుందేమో అని కొందరు చెబుతారు. ఆకలి లేని పాము పక్కన వదిలిన ఎలుక దాని వీపు కొరికేసిన సందర్భాలు తక్కువ కాదు. వైద్యుడు చెబితే తప్ప, అదీ మీరు పక్కనే ఉంటే తప్ప ఆ దారి పట్టకండి. గొంతులోకి తోసి తినిపించడం వల్ల అన్నవాహిక చీరుకుపోవచ్చు, అది అనుభవం ఉన్న వైద్యుడి చేతి పని.

మీ పాము ఎక్కడ పుట్టిందో కనుక్కోండి. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఏటా పెద్ద సంఖ్యలో బాల్ పైథాన్ పిల్లలు ఎగుమతి అవుతాయి. వాటిలో చాలావరకు అడవిలో సేకరించిన గుడ్ల నుంచి, పట్టుకున్న చూలు పాముల నుంచి పుట్టినవి. వాటిలో పరాన్నజీవులు ఎక్కువ, తిండి పేచీలూ ఎక్కువ. అలాంటిదైతే మలపరీక్ష తప్పకుండా చేయించండి. ఇళ్లలో పెంచిన పాముల సంతానమైతే, పాత యజమాని ఏం తినిపించాడో, చిట్టెలుకో పెద్ద ఎలుకో, అడిగి తెలుసుకోండి. ఒక రకానికి అలవాటుపడి రెండోదాన్ని తిండిగా గుర్తించని పాములు ఈ జాతిలో చాలా ఉన్నాయి. కొండచిలువ జాతులన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటిస్ అనుబంధాల్లో ఉన్నాయి. మీరున్న చోట చట్టం ఏ జాతిని అనుమతిస్తుందో, ఏ కాగితాలు కావాలో తెలుసుకుని దగ్గర పెట్టుకోండి. అడవి నుంచి పట్టిన కొండచిలువను ఎవరు ఇస్తామన్నా తీసుకోకండి.

జబ్బు లక్షణాలు కొన్ని గుర్తుంచుకోండి. ఊపిరి తీస్తుంటే ఈల చప్పుడు, నోటి దగ్గర బుడగలు, నోరు తెరిచి తల పైకెత్తి ఉండటం, ఇవి ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు, ఆగకూడదు. నీళ్ల గిన్నెలో గంటల తరబడి పడుకుని, నీళ్లలో నల్లటి చుక్కలు తేలితే అవి మైట్లు, రక్తం పీల్చే సన్నపు పురుగులు. తల వెనక్కి విరిచి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోతే నాడీ వ్యవస్థకు సంబంధించిన జబ్బు కావచ్చు. స్పైడర్ అనే రంగు రకంలో మాత్రం తల వణకడం, తిరగడం పుట్టుకతోనే ఉంటుంది, ఆ జన్యువుతోనే వస్తుంది. చూడటానికి ఎంత బాగున్నా ఆ రకాన్ని కొని ప్రోత్సహించవద్దని నా గట్టి అభిప్రాయం.

పాములు ఆరోగ్యంగా ఉంటూనే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోయగలవు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకండి. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దూరంగా ఉండటం మేలు. తొట్టె మూతకు తాళం వేయండి. మూత మీద పుస్తకాలు బరువు పెట్టడం తాళం కాదు, ఈ పాము ఒంట్లో ఉన్నదంతా కండరమే.

రెండో ప్రశ్నకు నా జవాబు: తెచ్చుకోకండి. బర్మీస్ పైథాన్ పిల్ల అరమీటరు పొడవుతో చూడముచ్చటగా ఉంటుంది. కొన్నేళ్లలోనే నాలుగు మీటర్లు దాటి, మనిషి బరువుకు చేరగలదు. దానికి కావలసింది పెట్టె కాదు, గది. 2.4 మీటర్లు దాటిన కొండచిలువను ఒంటరిగా ముట్టుకోకూడదు, పక్కన ఇంకో పెద్దమనిషి ఉండాలి. అది సాధుస్వభావం కలదే కావచ్చు, కానీ ఆకలి వేళ ఒక్క పొరపాటు పట్టును ఒంటరి మనిషి విడిపించుకోలేడు. 2013లో కెనడాలోని క్యాంప్‌బెల్టన్ పట్టణంలో ఒక ఆఫ్రికన్ రాక్ పైథాన్ పెట్టె నుంచి తప్పించుకుని, నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ములైన చిన్నపిల్లల ప్రాణం తీసింది. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో పెంపుడు వ్యాపారం నుంచి బయటపడిన బర్మీస్ పైథాన్లు స్థిరపడి అక్కడి కుందేళ్లను, రకూన్లను దాదాపు ఊడ్చేశాయి. అందుకే 2012లో అమెరికా వాటి దిగుమతిని నిషేధించింది. పెంచలేక వదిలేసిన పాములను చేర్చుకునే చోట్లు ఎప్పుడూ నిండిపోయే ఉంటాయి. ఇంకో కొండచిలువ కావాలనిపిస్తే ఆస్ట్రేలియాకు చెందిన స్పాటెడ్ పైథాన్ మీటరుకు అటూఇటూగా ఆగిపోతుంది, చక్కగా తింటుంది. అదైనా ఇప్పుడే కాదు. కొత్త పాము ఏది వచ్చినా మూడు నెలలు వేరే గదిలో, వేరే పనిముట్లతో ఉంచాలి.

ఉన్నదాని కాలం గురించి కూడా ఆలోచించండి. బాల్ పైథాన్ మంచి పోషణలో 20, 30 ఏళ్లు సులువుగా బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో ఒక ఆడ పాము 2020లో గుడ్లు పెట్టినప్పుడు దాని వయసు 60 దాటిందని అక్కడివారు అంచనా వేశారు.

ఈ వారం థర్మోస్టాట్, రెండు గూళ్లు, మూత కప్పడం, ఈ మూడూ పూర్తి చేయండి. తర్వాత వెచ్చని చివర, చల్లని చివర ఉష్ణోగ్రతలు, తేమ శాతం, పాము బరువు నాకు రాయండి, వాటిని చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను. ఈలోగా బరువు 540 గ్రాముల కిందికి పడిపోయినా, వెన్నెముక గట్టులా పైకి తేలినా, ఊపిరిలో చప్పుడు వినిపించినా నా జవాబు కోసం ఆగకుండా సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.